నవగోప్యములును శోధన యంత్రమును

మా బాల్యమున షోలాపురములో మేమున్న వీథిలో తెలుగు చదువనేర్చినవారు మిక్కిలి తక్కువ. మగవారు మిల్లులలోను, చేతిమగ్గముల మీదను, పిమ్మట మరమగ్గముల మీదను పనిచేసెడివారు. ఆడువారు గడపలలో కూర్చుండి బీడీలు చుట్టెడివారు. అందరును పద్మశాలీలు. ఒకరి తాత కరీంనగరము వైపునుండి, వేరొకరి తండ్రి వరంగల్లు వైపునుండి, మరియొకరి మామ మహబూబ్‌నగరము వైపునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చినవారే. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, మిల్లులో రెండును కలిసిన భాష. పిల్లలు బడిలో చదివినది మరాఠీ. కావున సిరిసిల్లనుండి ఉత్తరము వచ్చిననాడు దానిని చదివి వినిపించువాడొకడు కావలసి వచ్చెడిది. మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే తెలుగక్షరములు నేర్పియుండిరి గనుక పదియేండ్ల వయస్సునకే ఆ యుద్యోగము మాకు లభించినది. జీతము లేదు. ఒక్కొక్కప్పుడు గుప్పెడు పుట్నాలు, ఒక్కొక్కప్పుడు బెల్లపుముక్క.

ఆ యుద్యోగమునకు మా తండ్రిగారు ఒకే నియమము పెట్టిరి. “చదివేది వాళ్ళ కోసం. చదివినంక అది నీది గాదు. ఇంటికొచ్చి నాకు గూడ చెప్పొద్దు” అనిరి. ఆ యుత్తరములలో ఏమేమి యుండెడివి! అప్పుల సంగతులు, అత్తింటి ఆరళ్ళు, అన్నదమ్ముల పంపకముల తగవులు, దాచిన రోగములు. 1879లో ఈ దేశమున ప్రవేశించిన పోస్టుకార్డును మా వీథి స్త్రీలు శుభవార్తలకు మాత్రమే వాడెడివారు. కష్టము వ్రాయవలసి వచ్చిననాడు, చేతిలో కాసు లేకున్నను, అప్పుచేసియైనను కవరు కొనెడివారు. చదువురాని ఆ తల్లులకు గోప్యత యను మాట తెలియదు. దాని విలువ మాత్రము చక్కగా తెలియును.

నేడు మా వీథిలో ఉత్తరములు లేవు, చదివిపెట్టు బాలుడును లేడు. ప్రతిచేతిలోను ఫోను ఉన్నది. అక్షరము రానివారు సైతము దానితో తెలుగులో మాటలాడి ప్రశ్న వేయగలుగుచున్నారు. అది తెలుగులోనే బదులు చెప్పుచున్నది. ఇది సామాన్యమైన మేలు కాదు. ప్రవాసములో తరతరములుగా నున్న మనవంటివారికి, మన భాష విను చెవి యొకటి ఎల్లవేళల దొరకుట యెంతటి యూరటయో మే మెరుగుదుము. అయినను ఆ చెవి యెవరిదో, అది విన్నదానిని ఎచ్చట దాచుచున్నదో విచారించుట మనకు విధి. మా యింట జరిగిన యొక సంగతి మమ్మీ విచారణకు పురికొల్పినది.

మా పెద్దలు తొమ్మిది విషయములను గుట్టుగా నుంచవలెనని చెప్పి వానికి నవగోప్యములని పేరు పెట్టిరి. వయస్సు, ధనము, ఇంటిలోని లొసుగు, మంత్రము, మందు, దాంపత్యము, చేసిన దానము, పొందిన మన్నన, పడిన అవమానము: ఇవి యా తొమ్మిది. శోధన యంత్రమునకు మనము వేయు ప్రశ్నలను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. ఇన్నియేండ్లు నిండినవానికి పింఛను వచ్చునా? బంగారము కుదువబెట్టిన ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ? తమ్ముడు సంతకము పెట్టకున్న ఇల్లు అమ్మవచ్చునా? ఈ మాత్ర యెందుకిత్తురు? చూడగా, ఇరుగుపొరుగునకే కాదు, తోడబుట్టినవారికిని చెప్పరాదని పెద్దలు నిషేధించిన తొమ్మిదింటినే మనము వరుసగా ఆ చిన్న పెట్టెలో వేయుచున్నాము.

ఇక మా యింటి సంగతి. మా వదినెగారు, అనగా మా అన్నగారి భార్య, నలువది యేండ్లు బీడీలు చుట్టి సంసారము నీదిన మనిషి. అన్నగారు గతించిన పిమ్మట మాతోనే యున్నారు. మా మనుమడు, సౌకర్యముగా నుండునని తలచి, ఇంటిలోని నాలుగు ఫోనులకును ఒకే ఖాతాను అమర్చియుండెను. తీసిన ఫొటోలన్నియు ఒకచోట చేరునని వాని యాలోచన. అందులో వాని తప్పేమియు లేదు. మేమును మెచ్చుకొంటిమి.

శ్రావణ పూర్ణిమనాడు షోలాపురములో మార్కండేయస్వామి రథోత్సవము జరుగును. మన పద్మశాలీలకు అంతకు మించిన పండుగ లేదు. కొన్నియేండ్ల క్రిందట ఆ పండుగకు సిరిసిల్లనుండి బంధువులు వచ్చిరి. పండుగతోపాటు మా వదినెగారి మనుమరాలిని చూచుకొనుటయు వారి యుద్దేశ్యము. ఫలహారములైనవి. రథము ఏ వేళకు ఏ చౌకునకు వచ్చునో యని పిల్లవాని తల్లి యడిగినది. మా మనుమడు ఉత్సాహముతో ఫోను తీసి, శోధనపు పెట్టెపై వ్రేలు మోపి, ఆమె ముందు పట్టెను. వాడింకను ఏమియు వ్రాయకమునుపే ఆ పెట్టె క్రింద లోగడ ఆ ఖాతాలో వేసిన ప్రశ్నలు వరుసగా దిగినవి. అవి తెలుగు లిపిలో నున్నవి. మా మనుమడు మరాఠీ, ఇంగ్లీషు చదివినవాడు. తెలుగు మాటలాడును, చదువలేడు. వాని కంటికి అవి గీతలు మాత్రమే. సిరిసిల్లనుండి వచ్చిన ఆ యిల్లాలికి మాత్రము అవి అక్షరములు.

ఆమె చదివినది. పైకి చదువలేదు, కన్నులు మూడు వరుసలు క్రిందికి దిగుట మేము చూచితిమి. “ఇంట్ల ఎవరికన్న పానం బాగుంటలేదా?” అని మెల్లగా నడిగినది. మా వదినెగారు లేచి లోనికి పోయిరి.

ఆ ప్రశ్న లేమో మేమిచ్చట వ్రాయము. వ్రాసితిమేని ఆ దినమున ఆ ఫోను చేసిన పనినే మేమును చేసినవార మగుదుము. ఒక్కటి చెప్పుదుము. ఆమె వానిని వేసినది మేమందరము నిద్రించుచున్న వేళ, తెల్లవారుజామున, ఫోను నోటి దగ్గర పెట్టుకొని, రహస్యముగా.

బంధువులు మర్యాదగా సెలవు తీసికొనిరి. మరల వర్తమానము రాలేదు. కారణ మిదియో, కట్నకానుకలో, జాతకమో మాకు తెలియదు. పిల్లకు మరుసటియేడు మరియొకచోట సంబంధము కుదిరినది, సుఖముగా నున్నది. మా మనస్సును బాధించినది సంబంధము తప్పుట కాదు. రెండుదినములు మా వదినెగారు మాతో మాటలాడలేదు. మూడవనాడు మేము, పెద్దరికము కనబరుపబోయి, “తెలిసినది మంచిదే యైనది గదా వదినా, రేపే డాక్టరునొద్దకు పోదము” అంటిమి. దానికామె యిచ్చిన జవాబు మేము మరువజాలము.

“తెలిసింది మంచిదే. కానీ చెప్పేది నేను గదా? పండుగ పోయినంక చెప్తామనుకున్న. నా మాట నా నోట్లె ఉండంగనే ఊరి నోట్లె పడ్డది.”

మమ్ము నడుగక ఆ యంత్రము నేల యడిగితివని మేము ప్రశ్నించితిమి. “అది నన్ను చూడదనుకున్న” అనినది.

మా వదినెగారు డాక్టరునకు చూపించుకొనిరి, తగిన చికిత్స జరిగినది, ఇప్పుడు కుశలముగా నున్నారు. కాని ఆ రెండు మాటలును మా చెవులలో నిలిచిపోయినవి. ఉత్తరములు చదివిపెట్టిన మాకు, చదివినది మరచిపొమ్మని మా తండ్రి నేర్పెను. ఈ క్రొత్త చదువరికి మరచిపొమ్మని నేర్పినవా రెవరు? అది నిజముగా చూడదా? తెలిసికొనదలచి, చిన్నవారినడిగి, దొరకిన పుస్తకములు చదివి, మాకు బోధపడినంతవరకు ఇచ్చట వివరించుచున్నాము.

శోధన యంత్రమును మన మొక ప్రశ్న యడిగినప్పుడు ఆ ప్రశ్న యొంటరిగా పోదు. ఏ దినమున ఏ క్షణమున అడిగితిమో, ఎటువంటి ఫోనునుండి అడిగితిమో, ఏ భాషలో అడిగితిమో దానివెంట పోవును. ఐపీ అడ్రసను నొక సంఖ్యయు పోవును. జవాబు తిరిగివచ్చుటకు అది కావలయును గాని, మనము రమారమి ఏ యూరివారమో దానివలననే తెలియును. ఇవన్నియు యంత్రపు దినచర్య పుస్తకములో నమోదగును.

రెండవది కుకీ. ఇది మన బ్రౌజరులో ఆయా వెబ్‌సైటు వదలిపోవు చిన్న చీటి. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ యనువాడు దీనిని కల్పించెను. దుకాణమునకు మరల వచ్చినవానిని గుర్తుపట్టి, వాని బుట్టలో నేమున్నదో జ్ఞాపకముంచుకొనుట మొదటి యుద్దేశ్యము. అందులో దోషము లేదు. కాని ఒక పుటలో ఆ పుటవారిదే కాక, వారి యనుమతిపై ప్రకటనలు వేయు పరాయి సంస్థ చీటియు చేరవచ్చును. ఆ సంస్థయే వేయి పుటలలో ప్రకటనలు వేయుచుండిన, వేయిచోట్లను తన చీటిని తానే చూచుకొనును. పొద్దున వంటల పుట చూచినవాడును, మధ్యాహ్నము మందుల పుట చూచినవాడును, రాత్రి అప్పుల పుట చూచినవాడును ఒక్కడేయని దానికి తెలిసిపోవును.

మూడవది ఖాతా. పేరుతో ప్రవేశించినచో శోధనయు, పటమును, వీడియోయు, ఉత్తరమును ఒక్క ఖాతా క్రిందికి వచ్చును. మగ్గపువారి మాటలో చెప్పవలెనన్న, ఖాతా పడుగు, మనము వేయు ప్రతి ప్రశ్నయు పేక. రోజులు గడచినకొలది బట్ట తనంత తానే నేయబడును. మన యింట జరిగినది ఇదియే. నాలుగు ఫోనులకును పడుగొక్కటే యగుటచే ఒకరు వేసిన పోగు మరియొకరి చేతిలో కనబడినది.

నాలుగవది మరింత సూక్ష్మము. చీటి లేకున్నను, ఖాతా లేకున్నను, తెర కొలత, అక్షరముల రకములు, భాష, గడియారపు ప్రాంతము మొదలగు లక్షణములన్నియు కలిపిచూచిన, ఒక్కొక్క బ్రౌజరును వ్రేలిముద్రవలె గుర్తింపవచ్చును. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను హక్కుల సంస్థ సుమారు 4,70,000 బ్రౌజరులను పరీక్షింపగా, నూటికి 83కు పైగా తమవంటిది మరియొకటి లేనివిగా తేలెను.

ఇంత శ్రమ యేల యని యడుగుదురేమో. కారణము వర్తకము. 1998లో లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను నిరువురు స్టాన్‌ఫర్డు విద్యార్థులు గూగుల్ సంస్థను స్థాపించిరి. 2000లో శోధన ఫలితముల ప్రక్కన ప్రకటనలు అమ్ముట కొక పద్ధతిని ఆ సంస్థ ప్రారంభించెను. 2008లో, ఇతరుల పుటలలో ప్రకటనలు వేయు డబుల్‌క్లిక్ అను సంస్థను తనలో కలుపుకొనెను. నేటికిని దాని యాదాయములో అధికభాగము ప్రకటనలవలననే వచ్చుచున్నది. మనము పైకము చెల్లింపకున్నను, మన యాసక్తిని ప్రకటనదారుడు కొనుచున్నాడు. న్యాయము చెప్పవలెనన్న, పాతప్రశ్నలను దాచుటవలన మేలును కలదు. తప్పుగా వ్రాసిన మాటను దిద్దుటకును, మన తెలుగును అర్థము చేసికొనుటకును అవి యంత్రమునకు తోడ్పడును. ఎవరో ఒక గుమాస్తా కూర్చుండి మన ప్రశ్నలను చదువుచున్నాడని భయపడ పనిలేదు. కాని చదువువాడు లేకపోవుట వేరు, నిలువ లేకపోవుట వేరు. నిలువ యున్నంతకాలము, నేడు కాకున్న రేపు, అది పరుల కంటబడుటకు వీలున్నది.

దీనికి నిదర్శనము 2006 ఆగస్టులో అమెరికాలో లభించెను. ఏ.ఓ.ఎల్. అను సంస్థ, పరిశోధకులకు పనికివచ్చునని తలచి, సుమారు 6,50,000 మంది మూడు మాసములలో వేసిన రమారమి 2 కోట్ల ప్రశ్నలను బహిరంగముగా ప్రకటించెను. పేర్లు తీసివేసి వారికి అంకెలు వేసిరి. అంకెను చూచి మనిషి నెవరు పోల్తురని వారి ధైర్యము. కొలది దినములలోనే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక అంకె వెనుకనున్న మనిషిని కనుగొని ఆమెతో మాటలాడిరి. ఆమె వయస్సు చెల్లిన స్త్రీ. తన యూరిలో దొరకు పనివారిని గూర్చి, పెంపుడు కుక్కను గూర్చి, స్నేహితురాండ్ర జబ్బులను గూర్చి వేసిన ప్రశ్నలే ఆమె జాడ చెప్పినవి. సంస్థ క్షమాపణ కోరి ఆ పట్టికను వెనుకకు తీసికొనెను. అప్పటికే ప్రతులు లోకమంతట వ్యాపించినవి. పెదవి దాటిన మాట పృథివి దాటునని మన పెద్దలన్నది ఇందునకే. ఆమె పేరు ఆ పత్రికలో అచ్చుపడినది. మేమిచ్చట అచ్చువేయము.

ఇచ్చట మనవంటివారు ప్రత్యేకముగా గ్రహింపవలసిన దొకటి కలదు. గుంపులో నున్నవానికి గుంపే మరుగు. 2000లో లాటాన్యా స్వీనీ యను విదుషి, అమెరికా జనాభాలో నూటికి 87 మందిని పుట్టిన తేది, స్త్రీపురుష భేదము, తపాలా పిన్‌కోడు, ఈ మూటివలననే విడదీసి గుర్తింపవచ్చునని లెక్కకట్టిరి. అంతటి జనసముద్రములోనే మూడు లక్షణములు చాలినప్పుడు, పరభాషా ప్రాంతమున పిడికెడు మందిగా నున్న మన మాటయేమి? హైదరాబాదులో తెలుగున ప్రశ్న వేసినవాడు లక్షలలో నొకడు. షోలాపురములో తెలుగున, తెల్లవారుజామున, బీడీ పనివారి పింఛనును గూర్చియు ఒక జబ్బును గూర్చియు అడుగు వృద్ధురాండ్రు ఎందరుందురు? బరంపురములోను, హోసూరులోను, బళ్ళారిలోను ఇట్లే. మన భాషయే మన గుర్తు. దానిని విడువుమని మేము చెప్పుట లేదు, విడువరాదు. గుర్తున్నవాడు గుంపులోని వానికన్న ఎక్కువ మెలకువతో నుండవలెనని మాత్రము చెప్పుచున్నాము.

గోప్యత పాశ్చాత్యుల వేడుకయని, కూడు గుడ్డకు వెదకువారికి అది యేలయని కొంద రందురు. ఈ సందర్భమున మన తెలుగువా రొకరిని స్మరింపవలెను. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండగా, 1962లో ఖరక్ సింగ్ కేసు విచారణకు వచ్చెను. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక సామాన్యుని పేర చరిత్ర పుస్తకము తెరచి, వాని రాకపోకలను కనిపెట్టుచు, అర్ధరాత్రమున తలుపు తట్టి లేపుచుండిరి. అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు రాత్రివేళ తలుపు తట్టుటను కొట్టివేసిరి గాని, గోప్యత రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదనిరి. సుబ్బారావుగారు జస్టిస్ షాగారితో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసిరి. గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యములో విడదీయరాని భాగమనియు, కనిపెట్టియుండుటయే మనిషిని బంధించుటయనియు వారి భావము. ఆ మాట యేబదియైదేండ్లు వేచియుండెను.

పిమ్మట 2012లో, కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి గైకొన్న కె.ఎస్. పుట్టస్వామిగారు ఆధారు విషయమై వేసిన దావాలో ఈ ప్రశ్న మరల లేచెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో సుబ్బారావుగారి నాటి భిన్నాభిప్రాయమే సరియైనదిగా గ్రహింపబడెను. పుట్టస్వామిగారు 2024లో పరమపదించిరి. ఒక తెలుగువాడు వ్రాసిన దానిని ఒక కన్నడిగుడు గెలిపించెనన్న, ఇరుగుపొరుగున బ్రతుకు మనవంటివారికి సంతోషము కలుగదా?

ఆ తీర్పు వెనుక 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వెలువడినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సంస్థలపై మోపిన విధులలో ముఖ్యమైనవి ఆనాటినుండి 18 మాసముల గడువుపై అమలునకు రావలెనని యేర్పాటు. ఆ చట్టములో మనకు ప్రియమైన నియమమొకటి కలదు. మన సమాచారమును దేనికొరకు గైకొనుచున్నారో తెలుపు ప్రకటనను, ఇంగ్లీషునగాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషలోగాని చదువుకొను వీలు మనకు కల్పింపవలెను. తెలుగు ఆ షెడ్యూలులోని భాష. కావున షోలాపురపు వృద్ధురాలైనను, బరంపురపు వర్తకుడైనను, రాష్ట్రభాష యేదైనను, తెలుగులో చూపుమని యడుగవచ్చును. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభముగా, ఉపసంహరించుకొనవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల ప్రవర్తనను కనిపెట్టి వారికి గురిపెట్టి ప్రకటనలు వేయుటను ఆ చట్టము సామాన్యముగా నిషేధించినది.

చట్టమున్నను ఇంటి తలుపు గడియ మనమే వేసికొనవలెను. మేము మా యింట చేసిన పనులను చెప్పుచున్నాము. ఇవి ఖర్చులేనివి, ఒక సాయంత్రపు పని.

మొదట, ఎవరి ఫోనునకు వారి ఖాతా నేర్పరచితిమి. ఫొటోలు పంచుకొనుటకు వేరు మార్గములు కలవు. పిదప పాతప్రశ్నల పట్టిక తెరచి, ఎవరిది వారిచేతనే తుడిపించితిమి. గూగుల్ ఖాతాలో మూడు మాసములకుగాని, పదునెనిమిది మాసములకుగాని, ముప్పదియారు మాసములకుగాని పాతవి తమంత తామే చెరిగిపోవునట్లు అమర్చుకొనవచ్చును. 2020 తరువాత తెరచిన క్రొత్త ఖాతాలకు పదునెనిమిది మాసములు ముందుగానే అమర్చబడియుండును. అంతకు ముందువారు తామే అమర్చుకొనవలెను. మేము మూడు మాసములు ఎన్నుకొంటిమి. ప్రకటనలను మన యభిరుచి ననుసరించి వేయుమను మీటను ఆపివేసితిమి. ఏ యే యాప్‌నకు మైకును, ఉన్నచోటు తెలిసికొను ననుమతియు ఇచ్చితిమో చూచి, అక్కరలేనివానిని తీసివేసితిమి. టార్చిలైటునకు మన యునికితో నేమి పని?

బ్రౌజరులో పరాయి కుకీలను నిరోధించు మీట కలదు. సఫారి 2020నుండి వానిని తనంత తానే నిరోధించుచున్నది. క్రోమ్ కూడ వానిని తొలగించునని 2020లో చెప్పిరి గాని 2024లో ఆ సంకల్పము విడిచిరి. కావున అందులో మనమే మీట నొక్కవలెను. రహస్యపు కిటికీ, అనగా ఇన్‌కాగ్నిటో యనునది, చాలమంది తలచునంతటి మరుగు కాదు. అది మన ఫోనులో జాడ నిలువనీయదు; మా యింట జరిగినటువంటి ఇబ్బందికి అది చాలును. కాని మనము చూచిన సైటునకును, ఇంటర్నెట్టు నిచ్చువారికిని మనము కనబడుచునే యుందుము. ఈ విషయమై 2020లో అమెరికాలో వేసిన దావా, అట్లు చేరిన కోట్లకొలది నమోదులను నాశనము చేయుటకు గూగుల్ ఒప్పుకొనుటతో 2024లో రాజీ యైనది. శోధకుల చరిత్రను దాచమని చెప్పుకొను యంత్రములును కలవు. 2008లో మొదలైన డక్‌డక్‌గో అట్టిది. అదియు ప్రకటనలు వేయును. అయితే ఆ క్షణమున అడిగిన మాటను బట్టి వేయుదునని చెప్పును. నవగోప్యములకు సంబంధించిన ప్రశ్నకు ఇట్టి యంత్రమును వాడుట మేలు.

ఇవన్నియు చేసిన పిమ్మటను మనము పూర్తిగా అదృశ్యుల మగుదుమని భ్రమపడరాదు. తెర దించిన కిటికీ గోడ కాదు. అయినను తెర దించుకొను హక్కు మనదే యని తెలిసి దించుటయు, తెలియక తెరచియుంచుటయు ఒకటి కావు.

వీనికన్న కష్టమైన పని మరియొకటి మిగిలినది. తన బాధను మాకు చెప్పలేక మా వదినెగారు ఒక యంత్రమునకు చెప్పిరి. అది చూడదనుకొన్నారు. మేము చూతుమని, చూచి అయ్యోయందుమని, ఇంటిల్లిపాదికి చెప్పుదుమని, పండుగ ఆపుదుమని యెరిగియే మా కడకు రాలేదు. ఒకప్పుడు వీథిలోని స్త్రీలందరును మడతపెట్టిన ఉత్తరమును కొంగున దాచి తెచ్చి, పదియేండ్ల మా చేత బెట్టిరి. మాకు చదువు వచ్చుననియే కాదు, మేము చెప్పమని. ఆ నమ్మకమును మేము నడిమి యేండ్లలో ఎచ్చటనో పోగొట్టుకొంటిమి. ఇంట గుట్టు దాచగల మనిషి యొకడున్నచో యంత్రము నడుగవలసిన ప్రశ్నలు కొన్నియైనను తగ్గును. పిల్లలకు తెలుగక్షరములు నేర్పుటయు ఇందులో భాగమే. మా మనుమనికి ఆనాడు నాలుగక్షరములు వచ్చియున్న, ఆ ఫోనును తన వైపునకు త్రిప్పుకొనియుండెడివాడు. ఇప్పుడు ప్రతి యాదివారము మాయొద్ద కూర్చుండి నేర్చుకొనుచున్నాడు. గుణింతములు ముగిసినవి.

ఈ వ్యాసమును సంఘము వారికి పంపుటకు ముందు మా వదినెగారికి ఆసాంతము చదివి వినిపించితిమి. వ్రాయవచ్చునా యని మొదటనే యడిగియుంటిమి. బీడీలాకులు కత్తిరించిన ఆ చేతిని ఒడిలో పెట్టుకొని, కన్నులు మూసికొని వినిరి. మూడుచోట్ల ఆపి, “గది తీసెయ్యి” అనిరి. తీసివేసితిమి.